బండి నిలిపిన నేల ఎవరిది?

మాల్ గేటు వద్ద చీటీ, అపార్టుమెంటు సెల్లారులో తెల్లగీత, ఇంగ్లండులో పిల్లవాని ఇంటికి వచ్చిన ఉత్తరము: పార్కింగ్ రుసుము వెనుకనున్న శాసనముల కథ

హైదరాబాదు నుండి పటాన్‌చెరు దిశగా ముంబై రహదారిపై పయనించువారికి, భెల్ కర్మాగారమును, రామచంద్రాపురపు అంగళ్ళను దాటిన పిమ్మట బీరంగూడ కమాను కనబడును. ఆ కమాను లోపలి బాట భ్రమరాంబా మల్లికార్జునస్వామి వెలసిన గుట్ట దిక్కునకు సాగిపోవును. కమాను నీడలో నిలిచి నలుదిక్కులు పరికించినవానికి అంతయు ఒకే ఊరుగా తోచును గాని, శాసనము దృష్టిలో అది ఎన్నడును ఒకే ఊరు కాలేదు. కాళ్ళ క్రింది 65వ నంబరు జాతీయ రహదారి కేంద్ర ప్రభుత్వపు సొత్తు. రామచంద్రాపురము, పటాన్‌చెరు రెండును 2007లోనే హైదరాబాదు మహానగరపాలక సంస్థలో లీనమైనవి. వాటి నడుమనున్న బీరంగూడ మాత్రము అమీన్‌పూర్ గ్రామపంచాయతీతో కొంతకాలమును, 2018లో ఏర్పడిన అమీన్‌పూర్ పురపాలక సంఘముతో మరికొంతకాలమును గడపి, 2025 డిసెంబరులో మహానగరపు పరిధిలోనికి చేరినది. ఇంతలో 2016లో మెదకు జిల్లా విడిపోయి సంగారెడ్డి జిల్లా ఏర్పడినది. గుట్ట కదలలేదు, చెరువు కదలలేదు. వాటిపై అధికారము చెలాయించు కార్యాలయముల పేర్లు మాత్రము ఒక తరము గడువకముందే ఇన్నిసార్లు మారినవి.

ఈ సంగతిని ఇంత విపులముగా చెప్పుటకు హేతువు కలదు. బండి నిలిపినందుకు ఎవరైనను సొమ్మడిగినప్పుడు, ఆ అడుగుటకు గల అధికారము అడిగినవాని కంఠస్వరము నుండి గాని, అతడు ధరించిన చొక్కా రంగు నుండి గాని, అతడిచ్చిన చీటీపై అచ్చయిన హెచ్చరికల నుండి గాని పుట్టదు. బండి నిలిచిన నేల ఎవరిది, ఆ నేలపై ఏ చట్టము నడచుచున్నది, ఆ చట్టము అడిగినవానికి ఏ మేరకు హక్కిచ్చినది అను మూడు విషయములు తేలిన పిమ్మటనే ఆ అధికారము తేలును. రోడ్డు అంచున పోలీసువారు వ్రాసిన చలానాకు మోటారు వాహనముల చట్టము ఆధారము. రైల్వే స్టేషను ఆవరణలో గుత్తేదారు వసూలు చేయు రుసుమునకు రైల్వేవారితో అతడు చేసికొన్న ఒప్పందము ఆధారము. మరి, ఆదివారము సాయంకాలము బీరంగూడ నుండి పిల్లలను వెంటబెట్టుకొని మియాపూరు వైపునకో కొండాపూరు వైపునకో పోయి, మాల్ సెల్లారులో బైకు నిలిపిన గృహస్థును గేటు వద్ద అడుగు ఆ ఇరువది ముప్పది రూపాయలకు ఆధారమేది?

ఈ ప్రశ్నకు తెలంగాణ పురపాలక శాఖ 2018 మార్చి 20న 63వ నంబరు ఉత్తర్వు ద్వారా సమాధానము చెప్పినది. అది ఆ సంవత్సరము ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. మాల్‌లు, మల్టీప్లెక్సులు, వాణిజ్య సముదాయములలో మొదటి 30 నిమిషముల వరకు ఏ వాహనమునకును రుసుము లేదు. ఏమియు కొనకపోయినను లేదు. 30 నిమిషములు దాటి గంట లోపల బయటకు వచ్చువారు, లోపల ఎంత స్వల్పమైన వస్తువు కొన్నను సరే, దాని బిల్లు చూపినచో చెల్లించనక్కరలేదు. గంట దాటినచో ఆ బిల్లు గాని సినిమా టికెట్టు గాని పార్కింగ్ రుసుముకంటె ఎక్కువ మొత్తమునకు ఉండవలెను. ఉన్నయెడల అప్పుడును ఉచితమే. రుసుము తీసికొన్నను తీసికొనకున్నను ప్రతి వాహనమునకును చీటీ ఇచ్చి, దానిపై సొమ్ము చెల్లినదో మినహాయింపు లభించినదో ముద్ర వేయవలెనని కూడ ఆ ఉత్తర్వు శాసించినది. 2021 జూలైలో వచ్చిన సవరణ ఒకే తెర గల సినిమా హాళ్ళకు రుసుము వసూలు చేసికొనుటకు అనుమతి నిచ్చినది గాని, మాల్‌లకును మల్టీప్లెక్సులకును పాత నియమమునే నిలిపినది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సైతము ఇదే బాట పట్టినది.

ఉత్తర్వు ఇంత స్పష్టముగా నున్నను, గేటు వద్ద జరుగునది వేరు. సినిమా ముగిసి వందల బండ్లు ఒక్కసారిగా ర్యాంపు ఎక్కుచున్నవేళ, వెనుకనున్నవారు హారన్లు మ్రోగించుచుండగా, సంచి అడుగున నలిగియున్న బిల్లును వెదకి తీయు ఓపిక ఎవరికుండును? ఆ తొందరయే వసూలుదారుని బలము. కావున టికెట్టును, బిల్లును ముందుగనే చొక్కా జేబులో సిద్ధముగా నుంచుకొనవలెను. ముద్ర వేసిన చీటీని అడిగి తీసికొనవలెను. ఇంకొక మాట కూడ ఇక్కడనే చెప్పుట ధర్మము. గేటు వద్ద నిలిచిన ఆ పిల్లవాడు తరచుగా ఏజెన్సీ ద్వారా వచ్చిన కాంట్రాక్టు కార్మికుడు. పాశమైలారములోనో బొల్లారములోనో కర్మాగారపు పని దొరకక ఇటు వచ్చినవాడై యుండవచ్చును. “అన్నా, నన్నెందుకు అంటరే? లోపల ఆఫీసుల అడుగుండ్రి” అని అతడనునప్పుడు ఆ మాటలో కపటము లేదు. అతనిపై కేకలు వేయుటవలన మన ఇరువది రూపాయలు తిరిగి రావు. పైగా రుసుము నిర్ణయించినవాడు ఆ కేకలు వినపడనంత దూరమున నుండును. చీటీ తీసికొని, వేళ చూచుకొని, యాజమాన్యము పేర వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయుటయే సరియైన త్రోవ. నియమము మీరిన సంస్థలకు మహానగరపాలక సంస్థ ఎన్‌ఫోర్స్‌మెంట్ విభాగము 50,000 రూపాయల చొప్పున జరిమానా విధించిన సందర్భములు కలవు; వాటిలో కొన్ని ఎవరో ఒకరు చీటీని ఫొటో తీసి పంపినందున కదలినవి.

అయితే ఒకరు తన సొంత స్థలములో బండి పెట్టనిచ్చి, దానికి వెల అడుగుట తప్పెట్లగును? ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. దీనికి బదులు భవన నిర్మాణ నియమములలో నున్నది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168వ నంబరు ఉత్తర్వు ప్రకారము, కట్టుకొన్న వైశాల్యములో ఇంత శాతమునకు సమానమైన స్థలమును పార్కింగునకు విడువనిదే వాణిజ్య భవనమునకు అనుమతి లభింపదు. అనగా ఆ సెల్లారు యజమాని దయతలచి కట్టినది గాని, లాభమునకై ఎంచుకొని కట్టినది గాని కాదు. తన భవనమునకు వచ్చు జనుల బండ్లు వీధిని ఆక్రమింపకుండుటకై, పైయంతస్తులు లేపుకొను అనుమతికి బదులుగా, నగరమునకు అతడు బాకీపడిన స్థలమది. బాకీ తీర్చుటకు మరల సొమ్మడుగుట న్యాయము కాదని నా దృఢమైన అభిప్రాయము. గుజరాత్ హైకోర్టు ధర్మాసనము 2019 జూలైలో ఇంచుమించుగా ఇదే దృష్టితో తీర్పు చెప్పినది. అంతకు పూర్వము అదే కోర్టులో ఏకసభ్య పీఠము మొదటి గంట ఉచితముగా నిచ్చి, ఆపైన ద్విచక్ర వాహనమునకు 20, కారునకు 30 రూపాయలకు మించరాదని హద్దు గీచియుండగా, ధర్మాసనము ఆ హద్దును సైతము చెరిపి, నిబంధనల మేరకు విడువవలసిన స్థలమునకు రుసుము వసూలు చేయు హక్కే లేదన్నది.

కేరళము వేరొక మార్గమున పోయినది. కొచ్చిలోని ఒక పెద్ద మాల్ విషయమున 2022 జనవరిలో అక్కడి హైకోర్టు, పార్కింగ్ రుసుము వసూలు చేయు అధికారము మాల్‌కు లేదని ప్రాథమికముగా అభిప్రాయపడినది. కాని 2025లో తుది విచారణ ముగిసినప్పుడు, ఆ రాష్ట్ర పురపాలక చట్టము క్రింద లైసెన్సు పొందిన యజమాని రుసుము తీసికొనవచ్చునని తేల్చినది. ఒకే రాజ్యాంగము, ఒకే విధమైన మాల్, ఒకే విధమైన సెల్లారు. సరిహద్దు దాటినంతనే ఫలము మారినది. కావున “గుజరాతులో కోర్టు వద్దన్నది గదా” అని కొండాపూరులో వాదించుట నిష్ఫలము. ఇక్కడ మనకు అండ మన 63వ నంబరు ఉత్తర్వే. అది రుసుమును పూర్తిగా నిషేధింపలేదు. బిల్లు గలవానిని మాత్రము రక్షించినది. దాని బలమును, దాని పరిమితిని రెంటిని ఎరిగి మాటలాడినవానికే గేటు వద్ద మాట నిలుచును.

సెల్లారులోని తెల్లగీతలు

మాల్‌కు పోవుట నెలకొకసారి. అపార్టుమెంటులో నివసించుట నిత్యము. బీరంగూడ, అమీన్‌పూర్, పటేల్‌గూడ, కిష్టారెడ్డిపేట దిక్కున పదిహేనేండ్ల క్రింద పొలములుగా నున్నచోట నేడు అయిదంతస్తుల కట్టడములు బారులు తీరియున్నవి. ఫ్లాటు ధర వేరు, కారు పార్కింగు ధర వేరని చెప్పి, ఒప్పంద పత్రములో ప్రత్యేకముగా ఒక పంక్తి వ్రాసి, సెల్లారులో తెల్లగీత గీచి నంబరు వేసి ఇచ్చుట ఇక్కడ సర్వసాధారణము. జీవితమంతయు కూడబెట్టిన సొమ్ముతో ఇల్లు కొను మధ్యతరగతి కుటుంబము, ఆ పంక్తిని ప్రశ్నించినచో బేరము చెడునేమోయని మారు మాటలేక సంతకము చేయును.

ఈ విషయమున సుప్రీంకోర్టు 2010 ఆగస్టులో నహల్‌చంద్ లాలూచంద్ సంస్థకును ముంబయిలోని పాంచాలీ సహకార గృహసంఘమునకును నడుమ నడచిన వ్యాజ్యములో ఒక ముఖ్యమైన మాట చెప్పినది. స్తంభముల నడుమ నున్న స్టిల్టు పార్కింగు గ్యారేజి కాదనియు, ఫ్లాటువలె దానిని విడిగా అమ్ముకొను హక్కు బిల్డరునకు లేదనియు, అది నివాసులందరి ఉమ్మడి వాడకమునకు చెందిన భాగమనియు ఆ తీర్పు సారాంశము. అది మహారాష్ట్రమునకు చెందిన ఫ్లాట్ల చట్టముపై ఆధారపడిన తీర్పు కనుక ఇక్కడ అక్షరశః అన్వయింపదని వాదించువారు కలరు. కాని 2016లో పార్లమెంటు చేసిన రేరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టము దేశమంతటికి వర్తించునది. ఆ చట్టము ఉమ్మడి ప్రదేశముల జాబితాలో ఉమ్మడి బేస్‌మెంట్లను, బహిరంగ పార్కింగును చేర్చినది. గ్యారేజి యనగా పైకప్పును, మూడు ప్రక్కల గోడలును గలదని నిర్వచించినది. గోడలు లేని స్టిల్టులో గీచిన తెల్లగీత గ్యారేజి యెట్లగును? ఫ్లాటు కొనబోవువారు తమ ఒప్పందములోని ఆ పంక్తికి ఎదురుగా ఏ మాట వ్రాసియున్నదో, అమ్మకమా కేటాయింపా యనునది, రిజిస్ట్రేషనుకు ముందే చూచుకొనవలెను. తరువాత పొరుగువారితో కలహించుటకంటె ఇది ఎంతో మేలు. అపార్టుమెంట్లలో నేడు జరుగుచున్న కలహములలో పెక్కింటికి మూలము ఆ ఎనిమిదడుగుల గీతయే. అన్నదమ్ములవలె మెలగవలసినవారు సంఘ సమావేశములలో ముఖముఖము చూచుకొనకుండ కూర్చొనుట చూచినప్పుడు, నాలుగు పంక్తులు స్పష్టముగా వ్రాసియున్నచో ఇంత దుఃఖము తప్పియుండెడిది గదా యనిపించును.

ఇంగ్లండు నుండి ఫోను

భెల్ ఉద్యోగుల కుమారులు, పటాన్‌చెరు ఔషధ కర్మాగారములలో పనిచేసినవారి కుమార్తెలు నేడు లండను, బర్మింగ్‌హాము, గ్లాస్గో నగరములలో చదువుకొనుచున్నారు. చిన్న కొలువులు చేయుచు పాత కారు ఒకటి కొనుక్కొనుచున్నారు. ఏదో ఒక రాత్రి బీరంగూడలో ఫోను మ్రోగును. “నాన్నా, సూపర్ మార్కెట్ల కారు పెట్టినందుకు వంద పౌండ్లు కట్టుమని కాగితమొచ్చింది. కట్టకపోతే వీసాకేమన్న అయితదా?” అని ఆవలి నుండి గొంతు వణకుచుండును. “ముందుగల ఆ కాగితం ఎవరు పంపిండ్రో చదువు బిడ్డా” అను తండ్రి మాటలో, లా కళాశాలలు చెప్పు పాఠమంతయు ఇమిడియున్నది.

ఏలననగా అక్కడి స్థానిక కౌన్సిలు పంపు జరిమానా నోటీసునకును, ప్రైవేటు కంపెనీ పంపు పార్కింగ్ చార్జీ నోటీసునకును ఇంగ్లీషులో పొట్టిపేరు ఒకటే. రెంటిని పీసీఎన్ అనియే అందురు. రంగులును, గళ్ళ అంచులును కూడ ఒకదానినొకటి పోలియుండును. మొదటిది ప్రభుత్వ శాసనబలముతో వచ్చునది. రెండవది ఒప్పందము మీరినావని ఒక కంపెనీ మోపు సివిల్ బాకీ. అది నేరము కాదు. అట్లని దానిని చించి పారవేయుటయు మంచిది కాదు. 2013లో చెల్మ్స్‌ఫర్డ్ పట్టణములోని ఒక అంగళ్ళ సముదాయమున రెండు గంటల ఉచిత కాలముపైన 56 నిమిషములు ఎక్కువగా కారు నిలిపిన బీవిస్ అను వ్యాపారిపై పార్కింగ్‌ఐ కంపెనీ 85 పౌండ్లకు దావా వేసినది. ఆ కంపెనీ భూయజమానియైనను కాదు. అచట నిర్వహణ హక్కుకై యజమానికి వారమునకు 1,000 పౌండ్లు తానే చెల్లించుచుండెను. ఆదాయమంతయు ఇట్టి చార్జీల నుండియే రావలెను. తన నష్టముతో సంబంధము లేని అంత మొత్తము దండనయే యగునని బీవిస్ వాదించెను. 2015 నవంబరు 4న బ్రిటను సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల ఆధిక్యముతో, ఒకరి అసమ్మతితో, కంపెనీ పక్షమున తీర్పు చెప్పినది. కార్లు త్వరగా కదలి, అంగళ్ళకు వచ్చు ఇతరులకు చోటు దొరకుటలో న్యాయమైన ప్రయోజనమున్నదనియు, హెచ్చరిక ఫలకములు పెద్దవిగా, స్పష్టముగా నున్నవనియు, మొత్తము మితిమీరినది కాదనియు ఆ తీర్పునకు కారణములు. మన హైదరాబాదు గృహస్థు దృష్టికి ఇది కఠినముగా తోచును. నాకును అట్లే తోచినది. కాని అచటి న్యాయస్థానము చూచినది సమ్మతిని: ఫలకము చదివి లోనికి వచ్చినవాడు దాని షరతునకు ఒప్పుకొన్నట్లే యని.

అయితే ఆ దేశపు చట్టము కంపెనీకి హక్కిచ్చుటతోపాటు పగ్గమును కూడ వేసినది. 2012 నాటి స్వేచ్ఛా పరిరక్షణ చట్టము, ఇంగ్లండు వేల్సులలో ప్రైవేటు స్థలములలో చక్రములకు తాళము వేయుటను నిషేధించి, అందుకు బదులుగా, కారు నడిపినవారెవరో తెలియనప్పుడు రిజిస్టరయిన కీపరు (కారు ఎవరి పేర నమోదైయున్నదో వారు) నుండి బాకీ వసూలు చేసికొనుటకు దారి కల్పించినది. ఆ దారి తెరచుకొనవలెనన్నచో కంపెనీ కొన్ని నియమములు పాటింపవలెను. కారు అద్దముపై నోటీసు అంటించక కెమెరా ఆధారముగా మాత్రమే పంపునప్పుడు, బండి నిలిపిన 14 రోజుల లోపల ఆ ఉత్తరము కీపరునకు చేరవలెను. ఆలస్యమైనచో కీపరుపై ఆ బాధ్యత మోపజాలరు. నడిపినదెవరో ప్రైవేటు కంపెనీకి చెప్పితీరవలెనన్న నిర్బంధము చట్టములో లేదు. కావున పిల్లలు మొదట చూడవలసినది తేదీలను: బండి నిలిపిన తేదీ, ఉత్తరము తేదీ, అందిన తేదీ. పిమ్మట ఫలకము ఫొటో, కొన్న వస్తువుల రసీదు. ముందు కంపెనీకి అప్పీలు. అది తిరస్కరించినచో, ఆ కంపెనీ బ్రిటిష్ పార్కింగ్ అసోసియేషను సభ్యురాలైనప్పుడు పోప్లా అను స్వతంత్ర సంస్థకు అప్పీలు. దానికి మోటారిస్టు చెల్లించవలసినది ఏమియు లేదు. వసూలు ఏజెంట్ల ఉత్తరములకు కోర్టు అధికారము లేదు. కాని కౌంటీ కోర్టు నుండి వచ్చిన దావా కాగితమును మాత్రము ఒక్కరోజైనను ఉపేక్షింపరాదు. జవాబు లేనిచో ఏకపక్షముగా తీర్పు వచ్చును. నెల లోపల సొమ్ము చెల్లింపనిచో అది ఆరేండ్లు రిజిస్టరులో నిలిచి ఇల్లు అద్దెకు దొరకుటను, బ్యాంకు అప్పును కష్టతరము చేయును.

గ్లాస్గోలో నున్న పిల్లవానికి ఈ కథ సగమే వర్తించును. కీపరు బాధ్యతను గూర్చిన ఆ 2012 చట్టభాగము స్కాట్లండునకు చెందదు. ప్రైవేటు వ్యక్తి చక్రమునకు తాళము వేసి సొమ్మడుగుట దొంగతనమును, బలవంతపు వసూలును అగునని అక్కడి ఉన్నత న్యాయస్థానము 1992లోనే తేల్చినది. అంతమాత్రమున స్కాట్లండులో ప్రైవేటు చార్జీలు చెల్లవని వాట్సాప్ గుంపులలో తిరుగు మాట ప్రమాదకరము. 2017లో డండీ నగరమున, చార్జీలను లెక్కచేయక నెలల తరబడి ఒకేచోట కారు నిలిపిన ఒక మహిళ 24,500 పౌండ్లు చెల్లింపవలెనని షెరిఫ్ కోర్టు తీర్పు చెప్పినది. నడిపినది తానే యని తెలిసిన చోట ఒప్పందపు బాకీ అక్కడను బాకీయే.

అమెరికాలో నోటీసుకంటె ముందు బండియే మాయమగును. టెక్సాసులోని డాలస్ పరిసరములలో మనవారు నివసించు అపార్టుమెంట్లలో, అతిథి చోటులో రాత్రి నిలిపిన కారును ఉదయమునకు టోయింగ్ కంపెనీ ఈడ్చుకొనిపోవుట తరచుగా వినవచ్చు సంగతి. అక్కడ 14 రోజుల లోపల జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టులో విచారణ కోరు హక్కు కలదు. వారాంతములు, సెలవులు లెక్కకు రావు. కాలిఫోర్నియాలో అట్లు ఈడ్చుటకు ఆధారముగా పెట్టు ఫలకము కనీసము 17 అంగుళములకు 22 అంగుళములు ఉండవలెనని చట్టము కొలత చెప్పినది. బండి ఆస్తి దాటి రోడ్డెక్కకమునుపే యజమాని వచ్చినచో సగము రుసుముకంటె ఎక్కువ తీసికొనకుండ విడువవలెను.

రుసుము తీసికొన్నవాని బాధ్యత

తిరిగి మన నేలకు వత్తము. రుసుమును గూర్చి ఇంత వాదించు మనము, దానికి బదులుగా మనకు రావలసిన దానిని గూర్చి అడుగుటయే లేదు. చీటీ వెనుక సన్నని అక్షరములతో “వాహనములకు యజమానులదే బాధ్యత” అని అచ్చువేసి ఇత్తురు. దానిని చదివి మనమును నమ్ముదుము. 1998లో ఢిల్లీలోని తాజ్‌మహల్ హోటలులో బండిని తామే తీసికొనిపోయి నిలుపు వాలే సిబ్బందికి తాళమిచ్చిన ఒక మారుతీ జెన్ కారు దొంగిలింపబడినది. ఆ వివాదము ఇరువది ఏండ్లకు పైగా నడచి, 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఎదుట ముగిసినది. తాళము తీసికొని బండిని తన అధీనములో నుంచుకొన్నవాడు 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము దానిని జాగ్రత్తగా కాపాడవలసినవాడనియు, తన వైపున అజాగ్రత్త లేదని ముందుగా తానే నిరూపించుకొననిదే ఆ సన్నని అక్షరముల చాటున దాగజాలడనియు న్యాయస్థానము చెప్పినది. తాళము మన జేబులోనే ఉంచుకొని, మనమే చోటు వెదకి నిలుపుకొను మాల్ సెల్లారు విషయము ఇంత సులభము కాదు. అక్కడ బండి అప్పగింత జరిగినదా లేదా యనుట ఒక్కొక్క సందర్భమును బట్టి తేలవలసినది. అయినను హెల్మెట్టు పోయినదనియో, అద్దము విరిగినదనియో ఫిర్యాదు చేయువానికి ఆ అచ్చుపంక్తి చూపి వెనుకకు పంపుట ఈ తీర్పు పిమ్మట అంత తేలిక కారాదు.

ఫిర్యాదెక్కడ అన్నది మిగిలిన మాట. 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టమునకు పూర్వము, అమ్మినవాడున్న చోటికో వివాదము పుట్టిన చోటికో వినియోగదారుడు పోవలసియుండెను. కొండాపూరు మాల్‌పై ఫిర్యాదు చేయవలెనన్న, బీరంగూడ కార్మికుడు ఒక షిఫ్టు కూలి పోగొట్టుకొని పొరుగు జిల్లా ఫోరము గుమ్మమెక్కవలసియుండెను. ఇరువది రూపాయలకై అంత పని ఎవరు చేయుదురు? కొత్త చట్టము ఆ అన్యాయమును సరిదిద్దినది. ఫిర్యాదు చేయువాడు తాను నివసించు చోట గాని, పనిచేయు చోట గాని గల జిల్లా కమిషనులోనే దాఖలు చేయవచ్చును. అనగా మాల్ ఎక్కడనున్నను బీరంగూడవాసి సంగారెడ్డిలో ఫిర్యాదు చేసికొనవచ్చును. రెండేండ్ల వ్యవధి కలదు. చెల్లించిన విలువ అయిదు లక్షల లోపు గల ఫిర్యాదునకు రుసుము లేదు. వకీలు లేకున్నను నడుపవచ్చును. ఇంటినుండి ఆన్‌లైనులో దాఖలు చేయు వీలును కలదు. కోర్టు దాకా పోనొల్లనివారు 1915 నంబరునకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రములో సంగతి నమోదు చేయించవచ్చును. ఏ దారిన పోయినను మొదట అడుగునది ఆ ముద్ర వేసిన చీటీని, దానితోపాటు అదే రోజు తేదీ గల కొనుగోలు బిల్లును. అచ్చు కొంతకాలమునకు వెలిసిపోవు థర్మల్ కాగితముపై ఇత్తురు గనుక, ఇంటికి వచ్చిన రాత్రియే రెంటిని ఫొటో తీసి ఉంచుకొనవలెను.